ఏడు గీతల గుడి

పానగల్‌లో ఉదయసముద్రం చెరువు కింద సాగుచేసుకునే రైతొకాయన కొత్త ఇల్లు కట్టుకున్నాడు. ముందర గదిలో ఛాయా సోమేశ్వరాలయం బొమ్మ ఉండాలని నల్లగొండ నుంచి చిత్రకారుణ్ణి పిలిపించాడు. ఆయన పొద్దంతా గుడి దగ్గరే కూర్చుని, మాపటికి ఒక కాగితం తెచ్చిచ్చాడు. దాని మీద పెన్సిల్ గీతలు ఏడే. మిగిలిందంతా తెలుపు.

“గింతేనా సారూ? స్తంభాల మీద చెక్కుడేది? మూడు గర్భగుళ్లుంటే ఒక్కటే గీస్తివి. రంగులన్న ఎయ్యకపోతివి.”

చిత్రకారుడు వాదానికి దిగలేదు. మర్నాడు పొద్దున్నే గుడికి తీసుకుపోయాడు. గర్భగుడిలో, లింగం వెనక గోడ మీద నిలువునా నీడ. మధ్యాహ్నం మళ్లీ చూశారు, పొద్దు వాలుతుంటే మళ్లీ చూశారు. నీడ జరగలేదు.

“ఈ నీడను ఎవరు చెక్కిన్రన్నా?”

“చెక్కుడేంది సారూ, అది పడ్తది.”

“ఎట్ల పడ్తది?”

రైతు చిన్నప్పటి నుంచి చూస్తున్న నీడే. మొదటిసారి వెనక్కి తిరిగి స్తంభాల వైపు చూశాడు. వాటి నడుమ సందుల్లోంచి వస్తున్న వెలుగును చూశాడు. కందూరు చోడుల కాలపు శిల్పులు ఆ గోడను ముట్టుకోలేదు. స్తంభాలను ఎక్కడ నిలపాలో అక్కడ నిలిపారు, అంతే.

చిత్రకారుడు కాగితం విప్పాడు. “ఏదన్న ఒక గీతను బొటనవేలితో మూసి చూడు.”

రైతు పై గీతను మూశాడు. కప్పు పోయింది. పక్క గీతను మూశాడు. గుమ్మం పోయింది. చివరికి లోపల సన్నగా, కనీకనబడనట్టున్న గీత మీద వేలు పెట్టాడు. గుడి నిలిచే ఉంది గానీ గర్భగుడి లోతంతా పోయి ఉత్త కాగితం మిగిలింది.

“గిది నీడనా సారూ?” అని వేలు తీశాడు.

నీతి: బొమ్మలో ఏం లేదో వెతకడం తేలిక. ఉన్న గీత ఏం మోస్తున్నదో చూడడానికే ఓపిక కావాలి. తక్కువ గీస్తే చాలు గొప్పదైపోతుందని దీని అర్థం కాదు. అదే పానగల్‌లో పచ్చల సోమేశ్వరాలయంలో రామాయణ, భారత శిల్పాలు ఎన్నో ఉన్నాయి. అక్కడా ఒక బొమ్మను వేలితో మూసి చూడండి, కథ తెగుతుంది. రెండు గుళ్లనూ ఒకే రోజు చూడాలి, ముందు పచ్చల సోమేశ్వరం, తర్వాత ఛాయా సోమేశ్వరం.