బడి ఎప్పుడు మూతపడుతుంది?



బషీర్‌బాగ్ మీదుగా గన్‌ఫౌండ్రీలోని పునీత జోజప్ప గారి ప్రధాన దేవాలయానికి దివ్యపూజకు వచ్చే కుటుంబాలకు ఆలియా బడి తెలిసే ఉంటుంది. 1870ల తొలి ఏళ్లలో హైదరాబాదు దివాను మొదటి సాలార్‌జంగ్ తన కుమారులకూ, నవాబుల పిల్లలకూ కొత్త చదువులు చెప్పించడానికి మదరసా-ఎ-ఆలియాను స్థాపించారు. ఆలియా అంటే ఉన్నతమైనది అని అర్థం. 1887లో ఏర్పడిన నిజాం కాలేజీకి ఉన్న పునాదుల్లో ఈ బడి ఒకటి.

ఇటువంటిదే మరొకటి 1923లో బేగంపేటలో వెలిసింది. అది జాగీర్దార్ కాలేజీ. పేరుకు కాలేజీయే గాని నిజానికి బడే. జాగీర్దారుల కుమారుల కోసం ఇంగ్లండు పబ్లిక్ స్కూళ్ల పద్ధతిలో నడిచింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్లే లేనప్పుడు జాగీర్దారుల బడి ఎవరి కోసం? 1951లో అది హైదరాబాద్ పబ్లిక్ స్కూలు అయింది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. బేగంపేట బడికి పేరు పోయింది, గొప్ప మిగిలింది. ఆలియాకు పేరు మిగిలింది, గొప్ప పోయింది. దివాను కొడుకులు చదివిన ఆలియా నేడు సామాన్యుల పిల్లలు చదివే ప్రభుత్వ పాఠశాల. మరి వీటిలో మూతపడిన బడి ఏది?

"ఆలియా ఒకప్పటి ఆలియా కాదు" అని నిట్టూర్చేవారున్నారు. ఆ నిట్టూర్పులో రెండు బాధలు కలిసి ఉండవచ్చు. ప్రభుత్వ బడిలో పైకప్పు కారుతుంటే, పంతుళ్లు చాలకపోతే బాధపడటం న్యాయమే. కాని బెంచీ మీద ఎవరి బిడ్డ కూర్చున్నాడో చూసి బడి పడిపోయిందని అనుకుంటే, అది బడి గురించిన బాధ కాదు, మన హోదా గురించిన బాధ. ఈ రెండూ ఒకదానికొకటి తోడవుతాయి కూడా. గట్టిగా అడగగలిగిన తల్లిదండ్రులు బిడ్డలను తీసుకుని వెళ్లిపోతే, పైకప్పు గురించి అడిగేవారెవరు? ముందు మనం వెళ్తాం, తర్వాత బడి చెడిందంటాం.

1597లో పునీత జోసఫ్ కలసాంజ్ గారు రోములో పేదపిల్లలకు ఉచితంగా బడి తెరిచారు. 1646లో ఆయన సభ మఠసభ హోదాను కోల్పోయింది. రెండేళ్లకు ఆయన కన్నుమూశారు. 1669లో గాని ఆ హోదా పూర్తిగా తిరిగి రాలేదు. హోదా పోయిన ఆ కాలంలోనూ ఆ పనిని విడువని వారున్నారు కనుకనే అది నిలిచింది. 1965లో రెండవ వాటికన్ మహాసభ విద్యపై వెలువరించిన ప్రకటన కూడా పేదలను, కుటుంబ ఆదరణ లేనివారిని ప్రత్యేకంగా పట్టించుకోమని శ్రీసభను కోరింది. విందుకు ఎవరిని పిలవాలో ప్రభువు చెప్పిన మాట (లూకా 14) మన బడులకు వర్తించదా?

"ఫీజులు లేకుండా పంతుళ్లకు జీతాలెలా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జీతం ఇవ్వకుండా పేదల సేవ అని చెప్పుకోవడం మరో అన్యాయం. అందుకే ఈ భారం గురువుల మీద, కన్యస్త్రీల మీద మాత్రమే వేయకూడదు. విచారణలో కలిగిన కుటుంబం తన బిడ్డతో పాటు మరో బిడ్డ ఫీజు కట్టవచ్చు. నలుగురు కలిసి ఒక్క బిడ్డకైనా కట్టవచ్చు. ఆ ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టమని బడి పెద్దలను అడగవచ్చు.

పేదవాడి బిడ్డ గేటు దగ్గరి నుండి వెనక్కి తిరిగిన రోజున, లోపల గంట మోగుతూనే ఉన్నా, ఆ బిడ్డ మటుకు ఆ బడి మూతపడినట్టే. వచ్చే జూన్‌లో ప్రవేశాలు మొదలయ్యేలోగా ఈ సంగతి మీ ఇంట్లో, మీ విచారణలో మాట్లాడుకోండి.