దాహము తీర్చు జలము

మనుష్యుఁడు కోరునది తృప్తి. ఆఁకలిగొన్నవానికి అన్నమును, దప్పిగొన్నవానికి నీరును దొరకినచో నాఁటికిఁ దృప్తి కలుగును. మఱునాఁడు మరల నదియే యాఁకలి, యదియే దప్పిక. ధనము, విద్య, కీర్తి యనునవియు నిట్టివే. వీనిని సంపాదించినవాఁడు సంపాదింపనివానికంటె నెక్కువగాఁ గోరుచుండుట మన మెఱుఁగనిది కాదు. బైబిలు గ్రంథమందు ప్రసంగి యను భాగ మొకటి కలదు. అందలి వక్త మేడలు కట్టించి, ద్రాక్షతోఁటలు వేయించి, వెండి బంగారములు కూడఁబెట్టి, కడకు వెనుదిరిగి చూచుకొని, యిదియెల్ల గాలికై ప్రయాసపడుటయే యని విచారించెను. అట్లయిన నిలుకడగల తృప్తి యెక్కడ నున్నది? గ్రంథపఠనమువలన నది దొరకునా? ఈ ప్రశ్నమునుగూర్చి యించుక విచారింపఁదలఁచితిమి.

ఆ గ్రంథమందే, యోహాను సువార్త నాలుగవ యధ్యాయమున, నొక కథ గలదు. మిట్టమధ్యాహ్నమున సమరయ స్త్రీ యొకతె సుఖారను నూరికడ యాకోబు బావికి నీళ్ళకై వచ్చెను. యూదులు సమరయులతోఁ బొత్తు పెట్టుకొనరు. అయినను యూదుఁడైన యేసు ఆమెను దాహ మడిగెను. అంటుముట్టుల నెఱిఁగిన మన దేశస్థులకు నీ సంగతియొక్క గౌరవమును వేఱుగఁ జెప్పనక్కఱలేదు. ఆ బావినీరు త్రాగినవారికి మరల దప్పిక యగుననియు, తా నిచ్చు నీరు త్రాగినవారిలో నది యూటయై యుబుకుచుండుననియు నాయన చెప్పెను. ఆమెకు అయిదుగురు పెనిమిట్లుండిరనియు, నిప్పుడున్నవాఁడు పెనిమిటి కాఁడనియు నెఱిఁగియు నామెను దూషింపలేదు. దేవు నారాధింపవలసినది ఈ కొండమీఁదనా, యెరూషలేములోనా యని యామె యడుగఁగా, ఆత్మతోను సత్యముతోను ఆరాధించుటయే ముఖ్యమనెను. అంతట నామె తన కుండను బావికడనే విడిచి యూరిలోనికిఁ బోయి, తాను విన్నదానిని జనులకుఁ దెలిపెను. నీళ్ళకై వచ్చిన స్త్రీ కుండను మఱచుటలోనే యీ కథయొక్క సారమంతయు నున్నదని మా యభిప్రాయము.

ఈ కథ యొక భారతస్త్రీ జీవితమును మార్చిన విధమును జదువరులు తలఁచుకొనఁదగును. పండిత రమాబాయి 1858లో జన్మించెను. ఆమె తండ్రి లోకాచారమునకు వెఱవక భార్యకును గూఁతునకును సంస్కృతము నేర్పెను. ఆ కుటుంబము తీర్థములు సేవించుచు, పురాణములు చదువుచు దేశమంతయుఁ దిరిగెను. 1874 ప్రాంతమున మద్రాసు రాజధానిలోఁ గఱవు రాఁగా తలిదండ్రులు తిండిలేక మరణించిరి. 1878లోఁ గలకత్తా పండితులు రమాబాయికి బిరుదము లిచ్చిరి. 1882లో భర్త మరణింపఁగా, చిన్న కూఁతురితో నామె మరుసటి సంవత్సరము ఇంగ్లండునకుఁ బోయెను. లండనునందు శీలము చెడినవారని లోకము వెలివేసిన స్త్రీలను గొందఱు క్రైస్తవ సోదరీమణు లాదరించుట చూచి, యీ దయ మీ కెక్కడిదని యడిగెను. అందుకు వారు చెప్పినది ఈ సమరయ స్త్రీ కథయే. 1883లోనే యామె బాప్తిస్మము పొందెను.

ఇంతటితో దప్పిక తీరెనా? తీరలేదు. తనకు క్రైస్తవమతము దొరకినది గాని క్రీస్తు దొరకలేదని, హృదయశాంతి కొన్ని సంవత్సరములకుఁ గాని కలుగలేదని యామెయే పిమ్మట వ్రాసికొనెను. ఈ యొప్పుకోలు మిగుల విలువగలది. మతము మార్చుకొనుట యొకటి, మనస్సు మాఱుట యొకటి. గ్రంథము నంగీకరించుట యొకటి, గ్రంథమునకు లోఁబడుట మఱియొకటి.

ఇచ్చట నొక యాక్షేపణ కలుగవచ్చును. రమాబాయి తలిదండ్రులును శాస్త్రములు చదివినవారే. వా రాఁకలితో మరణించిరి గదా! ఏ గ్రంథమైనఁ గడుపు నింపునా? నింపదు. ఈ మాటను రమాబాయి మఱవలేదు. 1889లో బొంబాయియందు విధవలకై శారదాసదనమును స్థాపించెను. 1896, 1897 సంవత్సరముల కఱవునందు మధ్యపరగణాలకుఁ బోయి, దిక్కులేని బాలికలను వితంతువులను దోడ్కొని వచ్చి, కేడ్గాఁవులో నన్నవస్త్రములును, చదువును, చేతిపనులును గల్పించెను. హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చి బైబిలును మరాఠీలోనికిఁ దెచ్చుచు, 1922లో మరణించుదాఁక శ్రమించెను. ఆఁకలి నెఱిఁగినది గనుక నన్నము పెట్టెను. శాంతి నెఱిఁగినది గనుక విసువక పెట్టెను.

మతాంతరమువలన నామెకు మిత్రులు దూరమైరి. సదనములోని బాలికలు క్రైస్తవమువైపు మొగ్గుచున్నారని 1893లో రానడే, భండార్కరుల వంటివారే సలహాసంఘమును విడిచిరి. పరుల బిడ్డలను సాఁకువారు వారి విశ్వాసము విషయమున నెంతవఱకుఁ బోవచ్చునను ప్రశ్న న్యాయమైనదే. దానిని త్రోసివేయుట మాకు సమ్మతము గాదు. మేము మతము మార్చుకొనుఁడని బోధించుటయు లేదు. మేము చెప్పఁబూనినది వేఱు.

చెఱువునీరు నిలువయుండును, ఊటనీరు పాఱును. సువార్త తృప్తిని జెఱువుతోఁ గాక యూటతోఁ బోల్చుటలో గొప్ప సత్యమున్నది. తనలో నిలువచేసికొనిన శాంతి కొన్నినాళ్ళకు నాచుపట్టును. ఇతరులకై పాఱిన శాంతియే తేటగా నిలుచును. ఊటలేని సేవయు నట్టిదే. కొంత కాలమునకు నది విసుగుగనో, గర్వముగనో యెండిపోవును.

కావున సాయంకాలము దీపము వెలిగించి, బైబిలు గాని గీత గాని చేతఁబట్టి చదువుకొను గృహస్థు, చదువు ముగించిన పిమ్మట నొక్కసారి తలయెత్తి చూడవలయును. వంటయింటి మూల ముసుఁగు వేసికొని కూర్చున్న వితంతువైన చెల్లెలు కనఁబడునా? వాకిట నిలిచి కూలికై వేచియున్న ముసలిది కనఁబడునా? కనఁబడినచో నతఁడు చదివిన మాట బ్రదికియున్నది. కనఁబడనిచో నెన్ని యధ్యాయములు చదివినను, బావికడకు వచ్చి రిక్తకుండతో మరలినవాఁడే యగును.