నిప్పు ఎవరి చేతిలో ఉన్నది?

యంత్రం మనిషిని శ్రమనుంచి విముక్తుణ్ణి చేస్తుందా అన్న ప్రశ్న కొత్తది కాదు. మగ్గం తనంతట తానే నేసేటట్లయితే యజమానులకు బానిసల అవసరం ఉండదని అరిస్టాటిల్ ఊహించాడు. మార్క్స్ తన ‘కాపిటల్’లో ఆ ఊహను గుర్తుచేసి, పెట్టుబడి చేతిలో యంత్రం పనిదినాన్ని పొడిగించే సాధనమైందని చూపాడు. ఆ పాత ప్రశ్నే ఈమధ్య నాకు మాంసం కాల్చే పొయ్యి రూపంలో ఎదురైంది.

నాది మంగంపేట. మా మేనల్లుడు అమెరికాలో, హ్యూస్టన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఒకనాటి రాత్రి ఫోనులో నాకొక అంకె చూపించాడు. అక్కడ అప్పుడు పగలు. అతడు ఆఫీసులో ఉన్నాడు. ఇంటి పెరట్లో, మూతపెట్టిన బొగ్గుల పొయ్యిలో, పొట్టేలు జబ్బ తెల్లవారుజామునుంచి కాలుతున్నది.

“చూడు మామా, నూటేడు డిగ్రీలు. నేను ఆడ లేకపోయినా నిప్పు నా చేతిలోనే ఉండాది” అన్నాడు.

ఆ ఏర్పాటు సులభమైనదే. వేడిని కొలిచే పుల్ల ఒకటి పొయ్యిలో, ఒకటి మాంసంలో ఉంటాయి. కావలసిన వేడికి ఇప్పటి వేడి ఎంత దూరంలో ఉన్నది, ఎంతసేపటినుంచి ఉన్నది, ఎంత వేగంగా మారుతున్నది అన్న మూడూ లెక్కగట్టి, ఒక చిన్న పెట్టె ఫ్యానును తిప్పి బొగ్గులకు గాలి పంపుతుంది. ఆ అంకెలను ఇంటర్నెట్ ద్వారా యజమానికి చేరవేస్తుంది. తన వేడిని తానే సరిచేసుకొనే కొలిమిని 17వ శతాబ్దంలోనే డచ్చి దేశస్థుడు కార్నెలిస్ డ్రెబెల్ తయారుచేశాడు. కొత్తదల్లా దూరమే.

కొంతసేపటికి అంకె దిగటం మొదలుపెట్టింది. నూటొకటి, తొంభైఆరు, తొంభై. ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతున్నది. బొగ్గులు అయిపోయినవి, గాలి ఎంత వీచినా బొగ్గును పుట్టించలేదు కదా! మేనల్లుడు ఇంటికి ఫోను చేశాడు. మళ్ళీ అంకె మెల్లగా పైకి లేచింది. “సరిపోయింది మామా” అన్నాడు.

“బొగ్గులు ఎవరు వేసినార్రా?” అని అడిగాను.

“అమ్మ” అన్నాడు, ఒక్క క్షణం ఆగి.

అరవై దాటిన మా అక్క ఎండలోకి వచ్చి, గుడ్డపట్టి కాలే మూత ఎత్తి, బొగ్గులు పోసింది. తెరమీద మాత్రం వేడి పెరిగినట్లే నమోదైంది. ఆ మాట చెప్పకపోవటంలో కుర్రవాడి దురుద్దేశం లేదు. అతడు చూస్తున్న చోట ఆమె కనిపించదు, అంతే.

యంత్రమే చెడ్డదని నేననను. రాత్రంతా నిప్పుకు కాపలా కాయటంలో పవిత్రత ఏమీ లేదు. ఆ జాగరణ తప్పటం నిజమైన ప్రగతి. హీటర్‌మీటర్ అనే ఇలాంటి పరికరం నమూనాను, ప్రోగ్రామును దాని కర్తలు అందరికీ ఉచితంగా ఇచ్చారు కూడా. దోషం మరొకచోట ఉన్నది. తెలుసుకోవటమే చేయటమని భ్రమపడుతున్నాము. ఆ రెంటి మధ్య ఖాళీని నింపే చేతిని లెక్కలోకి తీసుకోవటం లేదు.

ఈ భ్రమ ఒక పెరటికి పరిమితమైనది కాదు. మా మంగంపేట ముగ్గురాయి పొడి అయి అమెరికాదాకా వెళుతుంది. చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో దాన్ని కలిపి బరువు పెంచుతారు; ఆ బరువే లోపలి వాయువు పైకి ఎగదన్నకుండా అదిమిపెడుతుంది. నేడు ఆ బావుల ఒత్తిడినీ, బురద బరువునూ ఎంతో దూరాన, హ్యూస్టన్ వంటి నగరాల్లో, తెరలమీద కనిపెడుతుంటారు. గనిలో రాయి తీసినవాడుగానీ, పొడిచేసే మిల్లులో దుమ్ము పీల్చినవాడుగానీ ఆ తెరమీద ఉండడు. వారిని తప్పుపట్టే ముందు నన్ను నేను అడుగుకోవాలి. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండికూడా ముగ్గురాయిని నేను టన్నుల్లోనే చెప్పుకున్నాను, మనుషుల్లో చెప్పుకోలేదు.

కనుక ఎవరైనా మనకొక అంకె చూపి, అంతా అదుపులో ఉన్నదన్నప్పుడు, అంకె నిజమా అని అడిగి ఊరుకుంటే చాలదు. ఆ రోజు తెరమీది అంకె అబద్ధం చెప్పలేదు. బొగ్గులు ఎవరు వేస్తున్నారని కూడా అడగాలి. వారికి ఆ భోజనంలో, ఆ విశ్రాంతిలో వాటా ఎంత అని అడగాలి. యంత్రం మిగిల్చిన తీరిక ఎవరికి దక్కిందో తేలేది అప్పుడే.