పిల్లి వైపు నుంచి

శ్రీవైష్ణవంలో వందల ఏళ్లుగా నడుస్తున్న వాదం ఒకటుంది. భగవంతుణ్ని చేరడానికి జీవుడి ప్రయత్నం కూడా కావాలా, అక్కర్లేదా అని. వేదాంత దేశికుల దారిలో నడిచే వడగలై వారు కావాలంటారు. కోతిపిల్ల తల్లి పొట్టని తానే కరుచుకుని ఉండాలి, పట్టు వదిలితే పడుతుంది. పిళ్ళై లోకాచార్యుల్ని, మణవాళ మహామునుల్ని అనుసరించే తెంగలై వారు అక్కర్లేదంటారు. పిల్లికూన ఏమీ చెయ్యదు, తల్లే మెడ దగ్గర నోట కరుచుకుని తీసుకుపోతుంది. మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని వీటికి పేర్లు. చిన్నప్పుడు ప్రవచనాల్లో విన్నప్పుడల్లా నా మనసు రెండోదాని వైపే మొగ్గేది. మనం ఏమీ చెయ్యకపోయినా మోసేవాడు ఒకడున్నాడన్న మాటలో ఎంత నిశ్చింత!

మా అపార్టుమెంటు సెల్లార్లో తల్లి లేకుండా దొరికిన రెండు నెలల కూనని నాలుగో అంతస్తులో మా ఇంటికి తెచ్చుకుందామనుకున్నాక, ఆ న్యాయం నాకు అవతలి వైపు నుంచి కనిపించడం మొదలైంది. ఇన్నేళ్లూ దాన్ని కూన వైపు నుంచే విన్నాను. చెప్పేవాళ్లూ అటునుంచే చెప్పారు, శరణాగతి నేర్పడం వాళ్ల పని కాబట్టి. పిల్లి సంగతి ఎవరూ ఎత్తలేదు. కూనకి చింత లేదంటే ఆ చింతంతా ఇంకెవరో పడుతున్నారనే కదా. మోసే నోటికే ఆ భారం తెలుస్తుంది.

మాటిమాటికీ ఇల్లు మారేవాళ్లని చూసి, పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పినట్టు అంటాం. ఆ తిప్పడం నాకిప్పుడు నిలకడలేనితనంలా అనిపించడం లేదు. అలికిడి ఎక్కువైనా, కొత్త వాసన తగిలినా, మగపిల్లి ఆ చుట్టుపక్కల తిరిగినా తల్లి కూనల్ని ఒక్కొక్కటిగా ఇంకో అటక మీదికి చేరుస్తుంది. దానికి ఏడిళ్లున్నాయి. నాకున్నది ఒక్కటే, కనుక ఆ ఒక్కదాన్నే పదేపదే చూసుకోవాలి.

చూడ్డమంటే నేల మీద బోర్లా పడుకుని చూడ్డం. ఫ్రిజ్ వెనక, గ్యాస్ బండ పక్కన, బీరువా కింద ఎన్ని సందులున్నాయో నిలబడ్డవాడికి తెలీదు. మన మెడ కింది ఎముకల్లాగా పిల్లివి గట్టిగా అతుక్కుని ఉండవు, కండరాల మధ్య వదులుగా ఉంటాయి. అందుకే తల పట్టిన చోట దాదాపుగా ఒళ్లూ పట్టేస్తుంది. బాత్రూంలో నీళ్ల బకెట్, వాషింగ్ మెషిన్ లాంటివి సులువుగా తేలిపోయాయి. బకెట్ మీద మూత ఉండాలి, మెషిన్ వేసే ముందు లోపల చెయ్యి పెట్టి చూడాలి.

నన్ను చాలాసేపు ఆపింది పూలదారం. అమ్మ రోజూ మల్లెలో కనకాంబరాలో పెట్టుకుంటుంది. వాడిపోయాక దండ తీసి కిటికీ గట్టు మీద పెడుతుంది. పిల్లి నాలుక మీద సన్నటి ముళ్లుంటాయి, అన్నీ గొంతు వైపే వంగి ఉంటాయి. ఒళ్లు దువ్వుకోడానికి, ఎముక మీది మాంసం గీరుకోడానికి అవి. దారం ఒకసారి వాటికి తగులుకుందంటే ఉమ్మడం కష్టం, లోపలికే పోతుంది. ఒక కొస నాలుక కిందో కడుపులోనో చిక్కుకుని మిగతాది పేగుల్లోకి దిగితే, పేగు కుచ్చిళ్లుగా ముడుచుకుపోతుంది, దారం దాన్ని లోపల్నించి కోస్తుంది. నోట్లోంచి కొస కనిపించినా మనం లాగకూడదు, డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి.

ఫినాయిల్‌తో వచ్చే ముప్పూ ఆ నాలుక మీదుగానే. తడి ఆరని నేల మీద నడిచి, పాదాలు నాకి శుభ్రం చేసుకుంటుంది. ఫినాల్ జాతి మందుల్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. పారాసిటమాల్ విషం కావడానికీ కారణం అదే. జ్వరానికి మనం వేసుకునే 500 మిల్లీగ్రాముల బిళ్ల ఒక్కటి పెద్ద పిల్లి ప్రాణమైనా తియ్యగలదు. బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీల పుప్పొడి ఒంటికంటుకుని, దాన్ని నాకినా మూత్రపిండాలు పాడవుతాయి (లిల్లీలంటూ మనం దండల్లో గుచ్చే నేలసంపెంగలు వేరు). అమ్మ మాత్రల డబ్బా, బీరువాలో కలరా ఉండలు, హారతి కర్పూరం, చీమల చాక్‌పీసు, అన్నీ మన మేలు కోరి తెచ్చుకున్నవే. మనిషి ఎత్తుకీ మనిషి కాలేయానికీ కుదిరిన ఏర్పాటునే ఇల్లు అంటున్నామని ఇంకో ప్రాణి గడప దాటి వచ్చేదాకా నాకు తట్టలేదు.

"ఊళ్లో పిల్లులకి ఇవన్నీ ఎవరు చేశార్రా? మీ అమ్మమ్మ వాళ్ల అటక మీద పిల్లి ఏడాదికి రెండు ఈతలు ఈనేది. వాటంతటవే పెరిగాయి" అంది అమ్మ. పెరిగినవి ఇంట్లో తిరిగాయి కనుక అమ్మకి గుర్తున్నాయి. పోయినవాటిని ఎవరూ లెక్కపెట్టలేదు. ఎక్కణ్నించి పడినా పిల్లికేం కాదన్న ధీమాకీ మూలం ఇదే. న్యూయార్క్‌లో మేడల మీంచి పడి ఒక ఆసుపత్రికి చేరిన 132 పిల్లుల వివరాలు 1987లో అక్కడి వైద్యులు ప్రచురించారు. వాటిలో చికిత్స అందినవి నూటికి 90 బతికాయి. ఆ అంకె చూసి జనం తెరిపిన పడ్డారు. కానీ రోడ్డు మీదే ప్రాణం పోయినదాన్ని ఆసుపత్రికి ఎవరు మోసుకెళతారు? మా బాల్కనీకి పావురాల కోసం కట్టిన నైలాన్ వల ఉంది. అది పిల్లి పళ్లకి ఆగదని ఇనప జాలీ కొట్టించాం.

అలాగని అన్నీ మూసెయ్యడం నాకు నచ్చదు. మెడ పట్టుకోగానే ఒళ్లు ముడుచుకుని వేలాడే ఆ గుణం కూన పసితనంలోదే. నాలుగో వారానికల్లా తల్లి పాలు మాన్పించడం మొదలుపెడుతుంది. పట్టు ఎంత బలమైనదో అంత కొద్దికాలానిది. న్యాయం చెప్పినవాళ్లకి ఈ సంగతితో పనిలేదు, జీవుడు వాళ్ల దృష్టిలో ఎప్పటికీ కూనే. నాకు పనుంది. అందుకని ఇంట్లో ప్రతి ప్రమాదం దగ్గరా ఒక్కటే అడుగుతున్నాను: ఇక్కడ తప్పు చేస్తే రెండోసారి చెయ్యడానికి మిగిలి ఉంటుందా? బాల్కనీలో ఉండదు, దారంతో ఉండదు, మాత్రతో ఉండదు. అక్కడ నేను అడ్డు నిలబడాలి. సోఫా అంచు మీంచి జారి బోర్లా పడితే పడనీ. కుర్చీ ఎక్కి దిగలేక అరిస్తే కాసేపు అరవనీ. అక్కడ ఎత్తి దింపడమంటే దాని చదువుకి నేను అడ్డుపడ్డట్టే.

వీధి మాత్రం ఈ ప్రశ్నకి లొంగలేదు. కార్లూ కుక్కలూ ఉన్నాయి కాబట్టి జవాబు తేలికే అనిపిస్తుంది. కానీ వీధిలో గోడలున్నాయి, పిట్టలున్నాయి, దాని జాతి ఉంది. టీకాలన్నీ వేయించాక కూడా బయటికి వదలకూడదనే నిర్ణయించుకున్నాను. "జీవితమంతా నాలుగు గోడల మధ్య ఉంచడానికి నువ్వెవరివిరా?" అని అమ్మ సూటిగానే అడిగింది. తెంగలై వారు నిర్హేతుక కృప అంటారు, అడక్కుండానే కారణం లేకుండా కురిసే దయ. నేనూ ఈ కూన అడక్కుండానే మోసుకొచ్చాను. దయ చూపించాను కదా అని నేను ఊరుకోవడానికి లేదు. అడగని ప్రాణిని తెచ్చినప్పుడు, దాన్నుంచి ఏం తీసుకున్నానో అది నేను తిరిగి కట్టాలి. వీధి వైపు కిటికీకి మెష్ బిగించి, లోపలి వైపు వెడల్పాటి చెక్క పలక వేయించాను. పొద్దున్న దాంతో ఆడడం అమ్మ వంతు, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక నా వంతు. ఇది వీధికి సాటి రాదని తెలుసు. అయిదో నెలలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. ఆ కాగితం మీద దాని తరఫున సంతకం పెట్టేటప్పుడు అమ్మ ప్రశ్న మళ్లీ వస్తుంది, ఇప్పటికైతే నా దగ్గర దానికి పూర్తి జవాబు లేదు.