కొత్తది కొనే ముందు మూత తియ్యి

ఏటమ్మా, కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని కొత్తది కొనమంటున్నావట. ఈసారి జీడిపిక్కలకి ధర పలికిందని మీ నాన్న కూడా మెత్తబడ్డాడు. కొంచెం ఆగు. ఐదారేళ్ల పెట్టె ముసలిదేం కాదు, మన గాలికి ఉక్కిరిబిక్కిరై ఉంటుంది.

మన ఉద్దానం తీరంలో కంప్యూటర్‌కి వైరస్ కంటే ముందు ఉప్పుగాలి శత్రువు. వజ్రపుకొత్తూరు వైపు కిటికీ ఊచలు ఎంత తొందరగా తుప్పు పడతాయో చూస్తూనే ఉన్నావు. ఆ గాలే పెట్టెలోకీ పోతుంది. తేమ, ఉప్పు, దుమ్ము కలిసి ఫ్యాను రెక్కలకీ హీట్‌సింక్ సందులకీ బంకలా పట్టేస్తాయి. పలాస, కాశీబుగ్గల్లో జీడి పరిశ్రమల పొగ తగిలే వీధుల్లో దానికి జిడ్డు కూడా తోడు. గాలాడక ప్రాసెసర్ కాగిపోతుంది. మాడిపోకుండా తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది, దాని తయారీయే అంత. ఆన్ చేసిన కాసేపు బాగానే ఉండి, తర్వాత ఫ్యాను హోరెత్తి పని మందగిస్తే ముందు అనుమానించాల్సింది ఈ వేడినే.

ప్లగ్గు పీకేసి, పక్క మూత తీసి, మెత్తటి బ్రష్షుతో దులుపు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను తిరక్కుండా వేలు అడ్డం పెట్టు. తడిగుడ్డ జోలికి పోకు. పెట్టెని నేలమీంచి బల్ల మీదకి ఎక్కించి, గోడకి జానెడు దూరంగా జరుపు. మీ అమ్మ కుట్టిన కవరు ముచ్చటగానే ఉంది గానీ, ఆపాకే కప్పాలి.

లోపల ఇంకా తిరిగే హార్డ్ డిస్కే ఉంటే మాత్రం డబ్బు అక్కడ పెట్టు. పాత డిస్క్ సెకనుకి 100, 150 మెగాబైట్లు చదివేసరికి ఆయాసపడుతుంది. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ 500 దాకా లాగుతుంది. చిన్న చిన్న ఫైళ్ల కోసం పళ్లెం తిరిగి, సూది వెతుక్కునే పని దానికి లేదు. అసలు లాభం అదే. ర్యామ్ 4 జీబీ ఉంటే 8 చేయించు.

ఇక నీ చేతిలో ఉన్నది. అరుగు నిండా జీడిపిక్కలు ఆరబోసి, అక్కడే చుట్టాల్ని కూర్చోమంటే ఎలగ? మెమరీ నిండా అక్కర్లేని ప్రోగ్రాములున్నా అంతే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కు, టాస్క్ మేనేజర్ వస్తుంది. కంప్యూటర్ లేవగానే తమంతట తాము లేచే ప్రోగ్రాములు స్టార్టప్‌లో కనిపిస్తాయి. అక్కర్లేనివి ఆపు. సీ డ్రైవ్‌లో ఐదో వంతైనా ఖాళీ ఉంచు. రెండు యాంటీవైరస్‌లు ఒక్కచోట పడవు. వేగం పెంచుతామని ఊదరగొట్టే క్లీనర్లూ, ఊరికే దొరికే క్రాక్ సాఫ్ట్‌వేర్లూ అంటే నాకు ఒళ్లుమంట. సగం జబ్బులు వాటితోనే వస్తాయి.

మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆపేసింది. నీ పెట్టెకి విండోస్ 11 ఎక్కకపోతే, లినక్స్ మింట్ వేసి చూడు. రూపాయి ఖర్చు లేదు. నీ చదువుకి విండోస్ సాఫ్ట్‌వేరే కావాలంటే, అప్పుడు కొత్తదాని మాట న్యాయమే.

కరెంటు సంగతి నీకు చెప్పాలా? 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మన తీరాన్ని దాటాక, కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగి ఎన్నాళ్లు చీకట్లో ఉన్నాం! అంత తుఫాను అక్కర్లేదు. రాస్తుండగా టప్పున కరెంటు పోయినా ఫైళ్లు చెడతాయి. చిన్న యూపీఎస్ పెట్టించు, ఎర్తింగ్ చూపించు. ఉరిమిందా, ప్లగ్గుతో పాటు ఇంటర్నెట్ వైరూ పీకెయ్.

ఇవేవీ మొదలుపెట్టక ముందే టెక్కలి కాలేజీ ప్రాజెక్టు ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకో. ఒక్క పెన్‌డ్రైవ్‌నే నమ్ముకోకు. ఎస్‌ఎస్‌డీ మాట మీ నాన్నకి నేను చెబుతాలే. ఈలోగా కొత్త కంప్యూటర్ ఊసు నువ్వెత్తకు.