చల్లటి పాదాల మంట

రాత్రంతా ప్లగ్గు తీసి ఉంచిన మైక్రోవేవ్ అవెన్, పొద్దున్నే స్విచ్చి వెయ్యగానే "వేడిగా ఉన్నాను, ఆగు" అంటే ఎవరికైనా ఒళ్ళు మండదూ? మా అవెన్ వారం రోజులు అదే పాట పాడింది. లోపల చెయ్యి పెడితే మంచులా ఉంది. తెరమీద మాత్రం "హాట్" అన్న అక్షరాలు, వెనక ఫ్యాను రొద. దానికి "అబద్ధాలకోరు" అని పేరు పెట్టి గ్యాస్ పొయ్యి దగ్గరికే చేరాను.

అది డిసెంబరు. రామగుండంలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటడం వింత కాదు గాని, డిసెంబరు తెల్లవారుజామున గోదావరి గాలి ఎముకలు కొరుకుతుంది. ఆ చలిలో మా అత్తమ్మ దుప్పటి తన్నేసి, "కాళ్ళు మండుతున్నయి బిడ్డా, నిప్పులల్ల పెట్టినట్టున్నది" అనేది. పట్టుకుని చూస్తే పాదాలు చల్లగా ఉండేవి. "చల్లగానే ఉన్నాయిగా అత్తమ్మా" అనేదాన్ని. నాలుగో రాత్రి ఆ మాట కాస్త విసుగ్గానే వచ్చింది. అయిదో రాత్రి పిలిస్తే నేను లేవనేలేదు.

మర్నాడు గోదావరిఖని చౌరస్తా నుంచి మెకానిక్ కుర్రాడు వచ్చాడు. వస్తూనే నన్ను దూరం జరగమన్నాడు. ప్లగ్గు తీసినా లోపల కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలవ ఉంటుందట. తెలియనివాళ్ళు మూత విప్పకూడదన్నాడు. ఆ కరెంటు సంగతి చూసుకున్నాక రెండు తీగలున్న చిన్న గింజలాంటిదాన్ని బయటికి తీశాడు. థర్మిస్టర్ అంటారు. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. ఆ తగ్గుదలను బట్టి అవెన్ తన వేడి ఎంతో లెక్క కట్టుకుంటుంది. పాపం, దానికి చర్మం లేదు గదా, ఆ గింజ చెప్పిందే వేదం.

మీటరు పెట్టాడు. బాగా కాగినప్పుడు చూపాల్సినంత చిన్న అంకె చూపించింది. వేళ్ళ మధ్య పట్టుకుని వెచ్చచేశాడు. అంకె కదల్లేదు. సంచీలోంచి కొత్తది తీసి పట్టుకుంటే, పెద్ద అంకె మొదలై మెల్లమెల్లగా దిగుతూ వచ్చింది.

"అయితే పాతది అబద్ధం చెబుతోందన్నమాట!" అన్నాను.

"అబద్ధం ఏముందక్కా? దానికి అట్లనే అనిపిస్తున్నది" అన్నాడు స్క్రూ బిగిస్తూ.

పేపరు చదువుకుంటున్న చినమామయ్య నవ్వారు. ఆయన సింగరేణిలో ఓవర్‌మన్‌గా రిటైరయ్యారు. "బాయిల మేం దీపం జ్వాల తగ్గించి చూసెటోళ్ళం. దానిమీద నీలం టోపీ లెక్క కనపడితే గ్యాసున్నట్టు. కాని దిగకముందే ఆ దీపాన్నే చూసుకునెటోళ్ళం, జాలీ మంచిగున్నదా, గాజు బిగిసున్నదా అని" అన్నారు. 1815లో హంఫ్రీ డేవీ జ్వాల చుట్టూ తీగల జాలీ అల్లి తయారుచేసిన దీపం తాలూకు వంశమే అది. మీథేన్ కొలిచే ఎలక్ట్రానిక్ యంత్రాలొచ్చినా వాటికీ పరీక్షలు తప్పవట.

నాకెందుకో ఆ పూట అన్నం సయించలేదు. అవెన్‌కి మీటరు పెట్టించాను, అత్తమ్మకి నా అరచెయ్యి చాలనుకున్నాను. నా చెయ్యి చూసింది ఆవిడ చర్మాన్ని. ఆవిడ చెప్పింది చర్మం సంగతేనా? "నరాలు లాగుతున్నాయి" అన్న ఆడదాని నుదుటిమీద చెయ్యి పెట్టి "జ్వరం లేదుగా" అని తేల్చేసే ఇళ్ళు ఎన్ని లేవు! పెళ్ళాం మాట నమ్మని మొగుళ్ళమీద రెండు నవలలు రాసినదాన్ని, నేనూ ఆ పనే చేశాను. చెప్పిందల్లా నమ్మెయ్యాలనడం లేదు. ఆ కుర్రాడు గింజని నమ్మాడా? నమ్మలేదు. అలాగని తిట్టనూ లేదు, అలా ఎందుకంటోందో చూశాడు. బాధను అనుమానించవచ్చునేమో గాని, అనుమానం వచ్చిందని పక్కకి తిరిగి పడుకోవచ్చునా?

ఆస్పత్రిలో డాక్టరమ్మ అత్తమ్మని కళ్ళు మూసుకోమని, సన్నటి నైలాన్ దారంతో అరికాలు మీద అక్కడక్కడా నొక్కి, తగిలితే చెప్పమంది. మూడుచోట్ల ఆవిడ పలకనేలేదు. ఏళ్ళ తరబడి ఉన్న షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నాయట. కబురు మోసే నరానికే జబ్బు చేస్తే, నిప్పు లేనిచోట మంటంటుంది, నిజంగా కాలినచోట ఊరుకుంటుంది. వట్టి కాళ్ళతో నడవనివ్వద్దనీ, వేడినీళ్ళు నేను చూశాకే పొయ్యమనీ, రోజూ పాదాలు చూడమనీ చెప్పింది.

ఆ రాత్రి మళ్ళీ పిలిచింది. ముట్టుకుంటే చల్లగానే ఉన్నాయి. ఆ మాట అనకుండా, "ఎక్కడ అత్తమ్మా?" అన్నాను.

"ఇగో, బొటనవేలు కాడ."

లైటు వేసి చూశాను. వేలు బాగానే ఉంది. ఆవిడ చెప్పని చోట, మడమ వెనకాల, చెప్పు ఒరుసుకుని రూపాయి బిళ్ళంత పొక్కు చితికి ఉంది. ఎప్పటిదని అడిగితే, "ఏది బిడ్డా?" అంది.