దీన్ ఒక భాషలో, సైన్సు ఒక భాషలో

మసీదు గోడకు నమాజు వేళల పట్టిక ఉంటుంది. కౌతాళంలో జొహర్ వేళ గడియారం పన్నెండు కొట్టగానే రాదు. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని పట్టుకుని నడుస్తుంది. కౌతాళం దానికి ఐదు డిగ్రీలకు పైగా పడమర. అందుకే ఏడాది సగటున పన్నెండు దాటి 20 నిమిషాలకు పైగా గడిస్తే గానీ పొద్దు ఇక్కడ నడినెత్తికి రాదు. అసర్ వేళకు నీడ పొడుగే కొలత. పట్టికంతా ఖగోళ గణితమే. దాన్ని చూసి నమాజుకు నిలబడే మనిషిని బయటివాళ్లు 'సాయిబులకు సైన్సెందుకు' అంటారు. లోపలివాళ్లు కొందరు 'సైన్సు చెప్పేదంతా కితాబులో ముందే ఉంది' అంటారు. రెండు మాటలూ మా పిల్లలకు చేసే చెరుపు ఒకటే. సైన్సు చదవాల్సిన పని లేదని చెప్తాయి.

ఈ రెండింటికీ జవాబు లాంటి బతుకు రజియుద్దీన్ సిద్దీఖీది. 1908లో హైదరాబాదులో పుట్టాడు. ఉస్మానియాలో చదివి, కేంబ్రిడ్జి వెళ్లి, జర్మనీలోని లైప్‌జిగ్‌లో హైజెన్‌బర్గ్ దగ్గర పరిశోధన చేశాడు. తిరిగొచ్చి ఉస్మానియాలో గణితం చెప్పాడు. 1918లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయంలో సైన్సు, వైద్యం కూడా ఉర్దూలోనే చెప్పేవాళ్లు. పుస్తకాల కోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థనే పెట్టారు. 1929 జనవరిలో ఇక్బాల్ మద్రాసు, మైసూరు, హైదరాబాదుల్లో ఇస్లాం చింతన మీద ఉపన్యాసాలిచ్చాడు. వాటిలో ఐన్‌స్టీన్ చర్చ కూడా ఉంది. సిద్దీఖీ ఉర్దూలోనే సాపేక్ష సిద్ధాంతం మీద పుస్తకం రాశాడు. స్థలకాలాల గురించి ఇక్బాల్ ఏమనుకున్నాడో కూడా ఉర్దూలోనే రాశాడు. రెండు చదువులూ ఒక్క నాలుక మీద ఉన్నాయి గనుకే ఒకదాన్ని ఇంకొకటి ప్రశ్న అడగ్గలిగింది.

అయితే ఆ వంతెన అందరిదీ కాదు. నిజాం రాజ్యంలో ఎక్కువమంది ఇంటి భాష తెలుగు, మరాఠీ, కన్నడం. వాళ్ల బిడ్డలకు ఆ ఉర్దూ గోడ అయింది. ఈ నిజాన్ని దాచి ఉస్మానియా వైభవం చెప్పుకోవడం న్యాయం కాదు. 1948 పోలీసు చర్య తర్వాత ఉర్దూ మాధ్యమం పోయింది. సిద్దీఖీ పాకిస్తాన్ వెళ్లి, అక్కడ విశ్వవిద్యాలయాలకు వైస్ ఛాన్సలర్‌గా పనిచేసి, 1998లో కన్నుమూశాడు.

మా ఆదోని సీమ 1800లోనే నిజాం చేతి నుంచి కుంపిణీకి పోయింది. ఉస్మానియా చదువు మా దాకా రానే లేదు. కౌతాళం ఖాదర్‌లింగ స్వామి దర్గాలో తెలుగు, కన్నడం, దక్కనీ కలిసే వినిపిస్తాయి. మొక్కుకి భాష అడ్డం రాదు. చదువు దగ్గరే అడ్డం. అల్లా గురించి పిల్లవాడు ఉర్దూలో వింటాడు. భూమి ఆకర్షణ గురించి తెలుగులోనో ఇంగ్లీషులోనో చదువుతాడు. మనిషి ఎలా పుట్టాడనే సందేహం వస్తే ఎవరిని అడగాలి? మౌల్వీసాబ్‌కు జీవపరిణామం చెప్పే మాటలు ఉండవు. సైన్సు సారుకు వాడి దీన్ తెలియదు. వాడు అక్కడ ఇది దాస్తాడు, ఇక్కడ అది దాస్తాడు. ఇద్దరు మనుషులుగా బతకడం నేర్చుకుంటాడు. విశ్వాసానికైనా, విజ్ఞానానికైనా దీనికంటే పెద్ద నష్టం లేదు.

ఖురాన్‌ను తెలుగు చేసిన తొలివాళ్లలో చిలుకూరి నారాయణరావు ఒకరు. ఆయన హిందువు, అనంతపురంలో పాఠాలు చెప్పిన పండితుడు. కితాబు తెలుగులోకి వచ్చి చాలా కాలమైంది. సైన్సూ వచ్చింది. రెండూ ఒకచోట కూర్చోవడమే మిగిలింది. ఆ పని కితాబులో రాకెట్లు వెతికేవాళ్ల వల్ల కాదు, నమాజీని చూసి నవ్వేవాళ్ల వల్లా కాదు. తెలిసింది తెలుసని, తెలియంది తెలియదని రెండు చోట్లా ఒకే నోటితో చెప్పగల ముస్లింలు కావాలి. వాళ్లు తెలుగులో రాయాలి.